చలికాలంలో తుంగభద్రలో వాలుగ చేప పడటం లేదు, ఏం చేయాలి?

కొత్తగాలం: మాది కర్నూలు. వానాకాలంలో సుంకేసుల బ్యారేజీ దిగువన వాలుగలు బాగానే పడ్డాయి. సంక్రాంతి దగ్గరపడేకొద్దీ బెండు కదలడమే లేదు. తెల్లవారకముందే ఏటి దగ్గర ఉంటాను, చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఎర్రలే ఎర. జెల్ల పిల్లలు తప్ప ఏమీ రావు. ఎర మార్చాలా, చోటు మార్చాలా?

హంద్రీమామ: ముందు ఆ తెల్లవారుజామున లేవడం మానేయ్ తమ్ముడూ. చేప ఒంటి వేడి నీళ్లను బట్టే ఉంటుంది. రాత్రంతా చల్లారిన నీళ్లలో దానికి ఆకలి తక్కువ, తిన్నది అరగడమూ ఆలస్యమే. పైగా వాలుగ రాత్రిపూట తిరిగే చేప. ఈ నెలల్లో నేనైతే మధ్యాహ్నం మూడు దాటాకే పోతాను. పొద్దంతా ఎండకు కాగిన బండల పక్కన నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి. పరిగలు, అంటే చిన్న చేపలు, అక్కడికి చేరతాయి, చీకటి పడేవేళకు వాలుగ వాటికోసం వస్తుంది.

పారే నీళ్లలో వెతకొద్దు. బండల మధ్య మడుగు కట్టిన చోటు చూసుకో. లోతు మొదలయ్యే అంచున వెయ్. బెండు తీసేసి సీసం గుండు కట్టు, ఎర నేలకు ఆనాలి. ఎర్రలు జెల్లలకు సరిపోతాయి. వాలుగకు చచ్చిన పరిగ గానీ కోడి కార్జం గానీ పెట్టు. కార్జం జారిపోతుంది, కుట్టుదారంతో నాలుగు చుట్లు చుట్టాలి. గాలం పైన జానెడు స్టీల్ వైరు తప్పనిసరి, వాలుగ పళ్లకు నైలాన్ దారం ఆగదు.

ఇంకోటి. వానాకాలంలో లాగినట్టు ఇప్పుడు లాక్కుపోదు. నోట్లో పెట్టుకుని అక్కడే ఉంటుంది, దారం కాస్త వదులవుతుంది, అంతే. తాకగానే లాగితే ఎర మాత్రమే చేతికొస్తుంది.

పెన్నాగట్టు: కార్జం సంగతి నేనొప్పుకోను మామా. మా కడప వైపు కార్జం వేస్తే ఎండ్రకాయలు క్షణాల్లో ఒలిచేస్తాయి. పరిగే మేలు. కొత్తగాలం అన్నా, జెల్లను విప్పేటప్పుడు జాగ్రత్త. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి. గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది.

కొత్తగాలం: నిన్న సాయంత్రం మడుగులోనే వేశాను, మామా! చీకటి పడ్డాక ఒకటి పడింది, కానీ వాలుగ కాదనిపిస్తోంది. నల్లగా ఉంది, మీసాలు ఎనిమిది. బయట వేసి చాలాసేపైనా బతికే ఉంది. ఫోటో ఎక్కడం లేదు.

హంద్రీమామ: వాలుగకు మీసాలు నాలుగే, వీపు రెక్క చిన్నది, నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది. నువ్వు చెప్పింది మార్పు అనే చేప జాతి. వీపు రెక్క తల వెనక నుంచి తోక దాకా పొడుగ్గా ఉందా? బాగా పెద్దదైతే మాత్రం ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయ్యుండొచ్చు. దాని పెంపకం మన దేశంలో నిషేధం, అయినా చెరువుల నుంచి తప్పించుకుని ఏట్లోకి వస్తోంది. అదే అయితే తిరిగి నీళ్లలో వదలొద్దు, మన చేపల పిల్లల్ని మింగేస్తుంది.

రాత్రి ఉంటే ఒంటరిగా పోకు. పైన గేటు ఎత్తితే బండ మీద నిలబడినవాడికి వెనక్కి దారి ఉండదు. బ్యారేజీకి ఆనుకుని వేయకుండా బాగా కిందికి దిగు. అక్కడి మత్స్యకార సంఘం వాళ్లను ఒక మాట అడిగి వెయ్, ఏ మడుగులో లోతుందో వాళ్లకే బాగా తెలుసు.