పాత యుద్ధ ఫొటోకి రంగులద్దుతుంటే భుజం బ్యాడ్జిలో ఎరుపు రావట్లేదు

1944 ఫిబ్రవరి, ఇటలీలో మోంటే కసీనో దగ్గర 4వ ఇండియన్ డివిజన్ సైనికుల బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఇది. 600 డీపీఐలో స్కాన్ చేసి గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులద్దుతున్నాను. ఉన్ని బ్యాటిల్‌డ్రెస్ ఖాకీ, ముఖాలు, వెనక రాళ్లు బాగానే కుదిరాయి. చిక్కంతా భుజం మీది బ్యాడ్జితోనే. ఆ డివిజన్ గుర్తు నల్ల గుడ్డ మీద ఎర్ర గద్ద. ఫొటోలో మాత్రం గద్ద, గుడ్డ రెండూ ఒకే నలుపు. ఎరుపుని నల్లగా చూపించే ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ అని నా అనుమానం.

ఫొటో మీద వేసే లేయర్‌ని (పొరని), కింది వెలుగునీడల్ని ఉంచి రంగు మాత్రమే మార్చే కలర్ మోడ్‌లో పెట్టి ఎరుపు వేస్తే అసలు కనబడదు, కింది నలుపే నిలుస్తోంది. సాఫ్ట్ లైట్‌లోనూ అంతే. మార్పు గద్ద మీదే పడేలా మాస్క్ వేసి కర్వ్స్‌తో వెలుగు పెంచితే ఎరుపు వచ్చింది గానీ గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు) ఉబ్బి ఇటుకపొడి చల్లినట్టుంది. నార్మల్ మోడ్‌లో వేస్తే స్టిక్కరే! ఆటోమేటిక్ టూల్ ఒకటి చూశాను, అది యూనిఫాం మొత్తాన్ని నీలం చేసింది, దాని సంగతి వదిలేయండి.

చుట్టూ ఉన్న గ్రెయిన్‌తో కలిసిపోయేలా, ఒక్క గద్దని మాత్రమే ముదురు ఎరుపులోకి తేవాలంటే ఏ లేయర్ మీద ఏ మోడ్ వాడాలి?