క్లారా షూమన్ తన భర్త రాతప్రతులు కాల్చడం న్యాయమేనా?

మంద్రస్థాయి: జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ 1853లో సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం), పియానోల కోసం రాసిన 5 రొమాన్సుల్ని, అంటే చిన్న భావగీతాల్లాంటి రచనల్ని, భార్య క్లారా 1893లో తగలబెట్టేసింది. అప్పటికి ఆయన పోయి 37 ఏళ్లు. గొప్ప పియానిస్టే, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో 14 ఏళ్లు పాఠాలు చెప్పింది, కాదనను. కానీ ఆ హక్కు ఎవరిచ్చారు?

నల్లమెట్లు: ఎవరో ఇచ్చేదేంటండీ. 1854లో ఆయన రైన్ నదిలో దూకాక ఎండెనిష్ మానసిక ఆసుపత్రిలో పెట్టారు, ఈవిడ చేతిలో ఏడుగురు పిల్లలు. ఊరూరా కచేరీలు చేసి ఇల్లు నడిపింది, ఆ కచేరీల్లో ఆయన సంగీతమే వాయించి జనానికి అలవాటు చేసింది.

మంద్రస్థాయి: పిల్లల సంగతి నేనడగలేదు. కాల్చడం గురించి చెప్పండి.

వేళ్లనొప్పి: యూరో వచ్చేదాకా జర్మనీలో 100 మార్కుల నోటు మీద ఆవిడ బొమ్మ ఉండేది. ఊరికే చెప్పా.

మంద్రస్థాయి: మా నాన్న హార్మోనియం మీద కట్టిన పాటలు రెండు పుస్తకాల నిండా ఉండేవి. ఆయన పోయాక మా మేనత్త "ఆఖర్లో మతి లేక రాసినవి, పరువు పోతుంది" అని పొయ్యిలో పెట్టింది. క్లారా భయమూ అదే, ఆయన పేరు చెడుతుందని. ఆయన వయొలిన్ కన్చెర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం వాయించే రచన) కూడా అలాగే తొక్కిపెడితే 1937 దాకా జనం వినలేదు.

నల్లమెట్లు: అత్త మీద కోపం క్లారా మీద చూపిస్తున్నారన్నమాట.

మంద్రస్థాయి: మీరు ఏ వాదనైనా తిప్పి తిప్పి ఆడవాళ్ల కష్టం దగ్గరికే తెస్తారు!

నల్లమెట్లు: తెస్తాను. 16 ఏళ్లకే లైప్జిగ్‌లోని గెవాండ్‌హౌస్ కచేరీ హాల్లో స్వరకర్త మెండెల్సన్ ఆర్కెస్ట్రాని నడిపిస్తుంటే సొంత కన్చెర్టో వాయించిన పిల్ల, పెళ్లయ్యాక ఆయన రాసుకుంటున్నంతసేపూ చప్పుడవుతుందని పియానో ముట్టుకోలేదు. ఆడదానికి రచన చేయాలన్న కోరిక ఉండకూడదని 1839లోనే డైరీలో రాసుకుంది, 1853 తర్వాత దాదాపు ఆపేసింది. ఆవిడ రాయకుండా పోయినవాటి మీద ఎవరూ థ్రెడ్డు పెట్టరు గానీ, కాలిపోయిన ఐదింటికి ఇంత గొడవ.

మంద్రస్థాయి: రాయకపోవడం వేరు, రాసింది కాల్చడం వేరు. మా నాన్న పుస్తకాలు నేను చూశాను, ఊదా సిరాతో రాసేవాడు.

నల్లమెట్లు: ఆఖర్లో మీ నాన్నకి చాకిరీ చేసింది ఎవరు?

మంద్రస్థాయి: అత్తే. నేను దుబాయ్‌లో ఉన్నాను.

వేళ్లనొప్పి: ఆ వయొలిన్ కన్చెర్టో ఎవరు వాయించింది వినాలి?

నల్లమెట్లు: వయొలినిస్టు మెనూహిన్ రికార్డింగ్ ఉంది. పాతది, కొంచెం గరగరమంటుంది.

మంద్రస్థాయి: రెండో భాగం నుంచి మొదలుపెట్టండి.