‘వినదగు’ అంటే వినడమా, మాట వినడమా?

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింప దగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

సోనాలీ దేవ్ నవల ‘రెసిపీ ఫర్ పర్సుయేషన్’ (2020) చదువుతుంటే ఈ పద్యం మీద ఒక సందేహం వచ్చింది. ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టెన్ నవల ‘పర్సుయేషన్’ను దేవ్ కాలిఫోర్నియాలోని భారతీయ కుటుంబంలోకి తెచ్చారు. అందులోని నాయిక ఆన్ ఎలియట్ స్థానంలో రెస్టారెంటు నిలబెట్టుకోవడానికి అవస్థపడే షెఫ్ ఆష్నా రాజే, ఆమె ప్రేమించిన కెప్టెన్ వెంట్‌వర్త్ స్థానంలో ఫుట్‌బాల్ ఆటగాడు రికో సిల్వా. విడిపోయిన ఇద్దరినీ టీవీ వంటల పోటీలో జంటగా వేస్తారు.

మూలం పేరును తెలుగులో ఏమనాలి? ‘ఒప్పించడం’, ‘నచ్చజెప్పడం’ రెండూ చెప్పేవాళ్ల పనులు. కథేమో విన్న అమ్మాయిది. ఆన్ పంతొమ్మిదేళ్ల వయసులో, తల్లిలాంటి లేడీ రసెల్ చెప్పిందని, ఆస్తిలేని వెంట్‌వర్త్‌తో పెళ్లి వద్దనుకుంది. దీన్ని మన ఇళ్లలో ‘మాట వినడం’ అంటాం. పద్యంలోని ‘వినదగు’ కూడా అదేనా?

*

కాదనే నా అభిప్రాయం అండీ. ‘మా అమ్మాయి మాట వింటుంది’ అంటే చెప్పినట్టు చేస్తుందని. పద్యంలో అలా లేదు. వినదగును, వివరింపదగును, అంతే. ‘చేయదగు’ అని కవి ఎక్కడా అనలేదు. ‘వివరించు’ కూడా ఇప్పటిలా ఎదుటివాళ్లకు విడమరచి చెప్పడం కాదు, తనలో తాను విచారించుకోవడం. పిల్లలకు మొదటి పాదం ఒక్కటే అప్పజెప్పించి, పెద్దలకు ఎదురుచెప్పకూడదనే అర్థంలో వాడేయడం నాకు బాధగా ఉంటుంది. రెండో పాదం లేకపోతే పద్యమే తలకిందులవుతుంది.

పేరు సంగతికొస్తే, ‘ఎంత నచ్చజెప్పినా వినలేదు’ అంటాం. ‘ఎంత ఒప్పించినా వినలేదు’ అనం. ఒప్పించడంలో పని అయిపోయింది, నచ్చజెప్పడంలో ఇంకా తేలలేదు. కథ మొదలయ్యేసరికి పెళ్లి తప్పిపోయి ఎనిమిదేళ్లు. ఆ లెక్కన ‘ఒప్పించడం’ సరిపోవాలి. కానీ లేడీ రసెల్ ఆన్‌ను బెదిరించలేదు, ప్రేమతోనే చెప్పింది. ఆ ప్రేమ ‘నచ్చజెప్పడం’లోనే వినిపిస్తుంది. నా ఓటు దానికే.

*

‘వివరింప దగున్’ గురించి మీరు చెప్పింది బాగా నచ్చింది. అయితే చివర్లో ఆన్ అన్నమాట చూడండి. ఆ సలహా తప్పే, కానీ తల్లి స్థానంలో ఉన్నావిడకు లోబడడం తన వరకు సరైన పనే అంటుంది. అంటే వివరించుకున్నాక కూడా విన్నందుకు పశ్చాత్తాపపడలేదు. మరి సుమతి ప్రకారం ఆమె నీతిపరురాలేనా?

*

కల్లా నిజమూ తేల్చుకుంది కాబట్టి నీతిపరురాలే అంటాను. తేల్చుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది, పద్యం దానికి గడువేమీ పెట్టలేదు. నాకు గుచ్చుకునేది ‘ఎవ్వరు చెప్పిన’ అన్న మాట. అందులో పెద్దలే కాదు, వెంట్‌వర్త్ కూడా ఉన్నాడు. అతను చెప్పినదీ వినదగినదే. ఆ రోజు అతని మాటకు అంత బరువు దొరకలేదు. దేవ్ నవలలో రికో దగ్గరా నాకు తగిలిన లోటు ఇదే.

ఆన్ వాక్యాన్ని తెలుగు చేయాల్సివస్తే ‘ఒప్పుకున్నాను’ అని రాయను. ఒప్పుకోవడంలో తన మనసు కూడా కలిసినట్టుంటుంది. ‘ఆవిడ మాట విన్నాను’ అనే రాస్తాను.