టెంపీకి కొత్తగా వచ్చాను, ఈ కాన్ఫరెన్సుల సంగతి కాస్త చెప్పండి

ప్రశ్న (టెంపీ, అరిజోనా)

అందరికీ నమస్కారమండీ. 2025 ఆగస్టులో ఏ.ఎస్.యు.లో, అంటే అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో, ఎం.ఎస్.కి చేరాను. సోమవారం వచ్చిందంటే ల్యాబ్‌లో కాలేజీ ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట లేదు. మన కాన్ఫరెన్సు, అంటే మన టీము ఆడే లీగు, ప్యాక్-12 అని ఒకరంటారు, కాదు బిగ్ 12 అని ఇంకొకరు. బిగ్ 12లో 16 టీములట, బిగ్ టెన్‌లో 18 అట. ఫ్రిస్కోలో ఉన్న మా బావేమో ఎస్.ఈ.సీ. (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సు) తప్ప ఇంకేదీ చూడక్కర్లేదంటాడు. ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయారు, ఎందుకు పోయారు? ఇక ఇలాగే ఉంటుందా, మళ్ళీ మారుతుందా? స్టేడియంకి వెళ్ళాలంటే, టీవీలో చూడాలంటే ఏం చేయాలి?

చాండ్లర్ నుంచి

తమ్ముడూ, ముందు ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌కి, అంటే ఎఫ్.బి.ఎస్.కి, కాలేజీ క్రీడల జాతీయ సంఘమైన ఎన్.సి.ఏ.ఏ. ఛాంపియన్‌షిప్ నడపదు. జాతీయ విజేతని తేల్చే ప్లేఆఫ్ కాన్ఫరెన్సుల చేతిలో, ఏ కాన్ఫరెన్సులోనూ చేరకుండా ఫుట్‌బాల్ ఆడే నోటర్ డేమ్ యూనివర్సిటీ చేతిలో ఉంది. టీవీ హక్కులు అమ్మేది కూడా కాన్ఫరెన్సులే. 1984 దాకా ఏ గేమ్ టీవీలో రావాలో ఎన్.సి.ఏ.ఏ. చెప్పేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కితే ఆ ఏడాది సుప్రీంకోర్టు ఆ పెత్తనం చెల్లదంది. అప్పటి నుంచి ఎవరి సరుకు వాళ్ళు అమ్ముకోవచ్చు. పెద్ద పేరున్న టీములు ఒకచోట చేరితే ఎక్కువ ధర పలుకుతుందని తెలిసిపోయింది. తర్వాత జరిగిన ప్రతి వలసకీ మూలం ఇదే.

పేర్లలోని అంకెలు పట్టించుకోకు. అవి పాత బోర్డులు, ఎవరూ మార్చలేదు. మన ఏ.ఎస్.యు. 1978లో టూసాన్‌లోని అరిజోనా యూనివర్సిటీతో కలిసి అప్పటి ప్యాక్-8లో చేరింది, దాంతో అది ప్యాక్-10 అయింది. 46 ఏళ్ళు అక్కడే ఉండి 2024 ఆగస్టు 2న బిగ్ 12కి మారింది. మీ ల్యాబ్‌లో ప్యాక్-12 అంటున్నవాళ్ళది పాత అలవాటు, అంతే.

సియాటిల్ నుంచి

ప్యాక్-12 ఎలా విడిపోయిందో వరసగా చెప్తాను బాబూ, తేదీలు చూస్తే కారణం దానంతటదే కనిపిస్తుంది. 2022 జూన్ 30న యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఏ. బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. అంటే లాస్ ఏంజిలస్ టీవీ మార్కెట్ చేజారింది. ఆ ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సి.బి.ఎస్., ఎన్.బి.సి.లతో ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం చేసుకుంది. ప్యాక్-12 ఒప్పందం 2024 వేసవిలో ముగుస్తుంది, కాబట్టి బేరానికి ఇంకా సమయం ఉందనుకున్నారు. ఈలోగా బిగ్ 12 ముందు దూకి, ఈ.ఎస్.పి.ఎన్., ఫాక్స్‌లతో ఆరేళ్ళకి 228 కోట్ల డాలర్లకి సంతకం పెట్టేసింది. నెట్‌వర్కులు ఖర్చు పెట్టాలనుకున్నదంతా అక్కడే అయిపోయింది. చివరికి ప్యాక్-12 చేతిలో మిగిలింది యాపిల్ స్ట్రీమింగ్ ప్రతిపాదన ఒక్కటే. అందులో రాబడి చందాదారుల సంఖ్యని బట్టి ఉంటుంది. రేపు ఎంత వస్తుందో తెలియని డబ్బు మీద ఏ అథ్లెటిక్ డైరెక్టర్ బడ్జెట్ వేస్తాడు?

2023 జులై 27న కొలరాడో బిగ్ 12కి వెళ్ళింది. ఆగస్టు 4న ఒక్కరోజులోనే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, ఏ.ఎస్.యు., యూటా బిగ్ 12కి వెళ్ళిపోయాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీ) కూడా ఏ.సీ.సీ., అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు, అన్నాయి. పసిఫిక్ ఒడ్డు స్కూళ్ళు అట్లాంటిక్ ఒడ్డు కాన్ఫరెన్సులో! చివరికి మిగిలింది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

ఇందులో ఆ రెండు స్కూళ్ళు చేసిన తప్పేమీ లేదు. ఊళ్ళు చిన్నవి, టీవీ సెట్లు తక్కువ, అదొక్కటే లోటు. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ సియాటిల్‌కి సుమారు 280 మైళ్ళ దూరం. అక్కడ హోమ్ గేమ్ ఉన్న శనివారం హోటళ్ళకీ దుకాణాలకీ పండగ. ఆపిల్ కప్ అని వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ ఆడే గేమ్ థాంక్స్‌గివింగ్ రోజుల్లో సీజన్ ముగింపుగా ఉండేది, ఇప్పుడది సెప్టెంబరులో మామూలు శనివారానికి జరిగింది. 2028 వరకు ఆడతామని ఒప్పుకున్నారు, అంతవరకు నయం. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల మధ్య ఏటా జరిగే బెడ్‌లమ్‌కి ఆ అదృష్టం కూడా లేదు, ఓక్లహోమా ఎస్.ఈ.సీ.కి వెళ్ళడంతో 2023 నవంబరు 4తో ఆగిపోయింది. నూరేళ్ళకు పైగా పక్కపక్క ఊళ్ళవాళ్ళు ఏటా ఎదురుచూసిన గేముని టీవీ డబ్బు కోసం వదులుకోవడం నా దృష్టిలో తప్పే.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. ఫుట్‌బాల్ టీము వారానికొకసారే కదులుతుంది, అదీ ప్రత్యేక విమానంలో. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ పిల్లలు వారం మధ్యలో మామూలు విమానాల్లో, కనెక్షన్లు మారుతూ, క్లాసులు పోగొట్టుకుని వెళ్ళాలి. ఇప్పుడు ఏ.ఎస్.యు.తో పాటు బిగ్ 12లో ఉన్న ఓర్లాండోలోని యు.సి.ఎఫ్. ఇక్కణ్ణుంచి 1,800 మైళ్ళకు పైనే. నువ్వు టి.ఏ. (టీచింగ్ అసిస్టెంట్) చేస్తే అథ్లెట్లు ప్రయాణ పత్రం తెచ్చి పరీక్ష తేదీ మార్చమంటారు. ప్రొఫెసర్‌తో సెమిస్టర్ మొదట్లోనే ఆ నియమం మాట్లాడి పెట్టుకో.

ర్యాలీ నుంచి

సియాటిల్ అక్కగారు అన్నీ సరిగ్గా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ప్యాక్-12 చచ్చిపోయిందని చాలామంది అంటారు, అది నిజం కాదు. మిగిలిన ఇద్దరూ కోర్టుకి వెళ్ళి కాన్ఫరెన్సు పేరూ ఆస్తీ నిలబెట్టుకున్నారు. 2026 జులై నుంచి బోయ్సీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ వాళ్ళతో కలుస్తున్నాయి. దాంతో ఫుట్‌బాల్ టీములు ఎనిమిది, ఎఫ్.బి.ఎస్. కాన్ఫరెన్సుకి ఉండాల్సిన కనీస సంఖ్య సరిగ్గా అంతే.

ఇక ముందు ఏమవుతుందన్న ప్రశ్న. టీములు ఎప్పుడు కదులుతాయో తెలియాలంటే రెండు కాగితాలు చూడాలి. ఒకటి టీవీ ఒప్పందం ముగిసే తేదీ. రెండోది గ్రాంట్ ఆఫ్ రైట్స్. దీని ప్రకారం స్కూలు తన హోమ్ గేముల టీవీ హక్కుల్ని గడువు తీరేదాకా కాన్ఫరెన్సుకి రాసిచ్చేస్తుంది. మధ్యలో వెళ్ళిపోయినా ఆ హక్కులు పాత ఇంట్లోనే ఉండిపోతాయి. హక్కులు లేని టీముని కొత్త కాన్ఫరెన్సు తీసుకుని ఏం చేసుకుంటుంది? మా ఏ.సీ.సీ.ని ఇన్నాళ్ళూ పట్టి ఉంచింది ఈ కాగితమే, ఈ.ఎస్.పి.ఎన్.తో ఒప్పందం 2036 దాకా ఉంది. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ దీని మీద కేసులు వేసి 2025 మార్చిలో రాజీపడ్డాయి. రాజీ ప్రకారం ఎక్కువమంది చూసే టీములకి ఎక్కువ వాటా. బయటికి పోవాలంటే కట్టాల్సిన రుసుము ఏటా తగ్గుతూ 2030-31కి 7.5 కోట్ల డాలర్లకి వస్తుంది.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బిగ్ టెన్ ఒప్పందం 2030 వేసవిలో అయిపోతుంది, బిగ్ 12ది 2031లో. ఏ.సీ.సీ. రుసుము తగ్గేది అప్పుడే. ప్లేఆఫ్ టీవీ ఒప్పందం 2031-32 సీజన్ దాకా. పెద్ద కదలిక మళ్ళీ వస్తే 2029-31 మధ్యలో వస్తుంది. ఈలోపు ఎవరైనా ఫలానా టీము రేపో మాపో వెళ్ళిపోతోందంటే, గ్రాంట్ ఆఫ్ రైట్స్ ఎప్పటిదాకా ఉందని అడగండి. సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి. మీ ఎం.ఎస్. రెండేళ్ళు, ఆపైన చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓ.పి.టి., దాని స్టెమ్ పొడిగింపు కలిపి మూడేళ్ళు లెక్కేస్తే మీరు 2030 దాకా ఇక్కడే ఉంటారు, ఆ సందడి దగ్గరనుంచే చూస్తారు.

కొత్తగా చేరినవాళ్ళకి అందరితో సమానంగా వాటా దక్కదు, ఇదీ తెలుసుకోండి. డాలస్‌లోని ఎస్.ఎం.యు. ఏ.సీ.సీ.లో చేరడానికి తొమ్మిదేళ్ళ టీవీ వాటా వదులుకుంది. ఒరెగాన్, వాషింగ్టన్ కూడా బిగ్ టెన్‌లో మొదట తక్కువ వాటాకే చేరాయి.

ఫ్రిస్కో నుంచి

మీ బావగారి మాటలో కొంత నిజముంది తమ్ముడూ, కానీ మొత్తం కాదు. టెక్సస్, ఓక్లహోమా 2024 జులై 1న ఎస్.ఈ.సీ.లో చేరాక మా దగ్గర జోరు పెరిగింది. 2011 తర్వాత ఆగిపోయిన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పోటీ 2024 నవంబరు 30న తిరిగి మొదలైంది. వలసల వల్ల పోయినవే కాదు, తిరిగొచ్చినవీ ఉన్నాయి, అది కూడా లెక్కలో వేయాలి. ఇక్కడ టెక్సస్ అంటే ఆస్టిన్ అని అర్థం. మనవాళ్ళు ఎక్కువగా చదివే యూ.టి. డాలస్‌కి ఫుట్‌బాల్ టీమే లేదు. డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌కి ఉంది.

ప్లేఆఫ్ సంగతి మీ టీముతోనే చెప్తాను, అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2024లో ప్లేఆఫ్ 4 టీముల నుంచి 12కి పెరిగింది. అప్పటి నియమంలో కమిటీ ర్యాంకుల్లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి చోటు ఖాయం, మిగతా ఏడు చోట్లు ర్యాంకు ప్రకారం. ఆ ఏడాది సీజన్‌కి ముందు పోల్‌లో ఏ.ఎస్.యు.ని బిగ్ 12లో 16వ స్థానంలో, అంటే అట్టడుగున వేశారు. అదే టీము ఆర్లింగ్టన్‌లో అయోవా స్టేట్‌ని 45-19తో కొట్టి బిగ్ 12 గెలిచింది. కమిటీ ఇచ్చిన ర్యాంకు 12. కానీ మొదటి నాలుగు సీడ్లు ఛాంపియన్లకే అన్న నియమం వల్ల 4వ సీడ్, మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా క్వార్టర్ ఫైనల్ దక్కాయి. అలా బై వచ్చిన నాలుగు టీములూ క్వార్టర్స్‌లో ఓడిపోయాయి. 2025 నుంచి నియమం మార్చారు, సీడ్ అంటే ఇక ర్యాంకే. ఛాంపియన్‌కి చోటు ఉంటుంది, బై హామీ లేదు. 2024లో అంత మేలు చేసిన నియమం మీకు ఇప్పుడు లేదు. 5 నుంచి 8 సీడ్ దాకా మొదటి రౌండ్ సొంత స్టేడియంలో ఆడతారు కాబట్టి డిసెంబరులో 8కీ 9కీ మధ్య తేడా చాలా పెద్దది.

అట్లాంటాలో టెక్సస్‌తో ఆడిన ఆ క్వార్టర్ ఫైనల్ వీడియో చూడు, ఓవర్‌టైమ్ నియమాలు అందులోనే వచ్చేస్తాయి. స్కోరు 24-24. ప్రతి జట్టుకీ 25 గజాల గీత నుంచి ఒక అవకాశం. మొదటి ఓవర్‌టైమ్‌లో ఇద్దరూ టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం) చేసి ఒక పాయింటు కిక్ కొట్టారు, 31-31. రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ తర్వాత కిక్ కుదరదు, రెండు పాయింట్ల ప్రయత్నం చేసి తీరాలి. టెక్సస్ 6, 2 కలిపి 39. ఏ.ఎస్.యు. పాస్ టెక్సస్ చేతికి చిక్కింది, ఆట అయిపోయింది. మామూలు ఆటలో 4 డౌన్లలో, అంటే 4 ప్రయత్నాల్లో, 10 గజాలు, టచ్‌డౌన్‌కి 6, ఫీల్డ్ గోల్‌కి 3, సేఫ్టీకి 2. మొదటి రోజుకి ఇంతే చాలు.

డబ్బు విషయం ఇంకొక్క ముక్క. ఆటగాళ్ళు డబ్బు కోసం వేసిన హౌస్ కేసు రాజీని కోర్టు 2025 జూన్ 6న ఆమోదించింది. జులై 1 నుంచి రాజీకి ఒప్పుకున్న ప్రతి స్కూలూ ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది (2025-26) పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. బిగ్ టెన్, ఎస్.ఈ.సీ. స్కూళ్ళకి టీవీ వాటాలోనే ఇది సర్దుకుంటుంది. మిగతావాళ్ళు టికెట్ల మీదో, విద్యార్థుల ఫీజు మీదో, చిన్న ఆటల మీదో చెయ్యి వేయాలి. అందుకే నీ ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ అన్న వరస ఉందేమో చదువు.

చాండ్లర్ నుంచి, మళ్ళీ

ఆ ఫీజు వరస ఉంటే చాలాచోట్ల స్టూడెంట్ టికెట్ అందులోనే వచ్చేస్తుంది తమ్ముడూ, విడిగా కొనకు. కానీ ఫీజు కట్టినంత మాత్రాన సీటు రాదు. ప్రతి గేముకీ ముందు క్లెయిమ్ చేసే రోజు ఉంటుంది, పెద్ద ప్రత్యర్థి అయితే త్వరగా అయిపోతాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా టికెట్ స్క్రీన్‌షాట్ అమ్ముతానంటే కొనకు. బార్‌కోడ్ మారుతూ ఉండే టికెట్లకి స్క్రీన్‌షాట్ పనికిరాదు, స్టూడెంట్ టికెట్‌కి గేటు దగ్గర ఐ.డి. కూడా అడగొచ్చు. టికెట్‌ని ఇంటి దగ్గరే ఫోన్ వాలెట్‌లో వేసుకో, వేలమంది చేరాక గేటు దగ్గర సిగ్నల్ అందదు.

బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. కాలేజీ బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే వెనక్కి పంపేస్తారు. లైట్ రైల్‌లో వెటరన్స్ వే దగ్గర దిగితే స్టేడియం పక్కనే. సెప్టెంబరులో సాయంత్రం కూడా 38 డిగ్రీల సెల్సియస్ మామూలే. తూర్పు గ్యాలరీలో కూర్చుంటే పొద్దు గుంకేదాకా ఎండ మొహం మీదే.

ఆట సమయం టీవీ వాళ్ళు 12 రోజుల ముందు తేలుస్తారు, కొన్నిసార్లు 6 రోజుల ముందు. అది తేలకుండా బయటి ఊరి గేముకి విమానం టికెట్ కొని చాలామంది దెబ్బతింటారు. సమయాలు ఎక్కువగా ఈస్టర్న్‌లో రాస్తారు. అరిజోనా గడియారం మార్చదు కదా, నవంబరు మొదటి ఆదివారం దాకా మూడు గంటలు తీసెయ్, ఆ తర్వాత రెండు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 12 అంటే మనకి అక్టోబరులో ఉదయం 9.

టీవీకి ముందు ఒక చిన్న యాంటెన్నా కొను. ఏ.బి.సి., ఫాక్స్ ఉచితంగా వస్తాయి, బిగ్ 12 పెద్ద గేములు వీటిలోనే ఎక్కువ. మిగతావి ఈ.ఎస్.పి.ఎన్., ఎఫ్.ఎస్.1, టి.ఎన్.టి.లలో. ఏ.ఎస్.యు. కోసం పీకాక్ అనే స్ట్రీమింగ్ చందా కొనకు, అందులో వచ్చేది బిగ్ టెన్, నోటర్ డేమ్.

చివరిది, ఇది మరిచిపోకు. స్టేడియంలో ఫుడ్ స్టాల్ పని దొరుకుతుందని ఎవరైనా పిలిస్తే వెంటనే ఒప్పుకోకు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నావు. క్యాంపస్ పని, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అంతవరకే. ఆ స్టాళ్ళని చాలాచోట్ల బయటి కాంట్రాక్టర్లు నడుపుతారు, అది క్యాంపస్ పని కిందకి వస్తుందో రాదో ఇంటర్నేషనల్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే చేరు. వాలంటీర్ అని పిలిచి చేతిలో డబ్బు పెడతామంటే అస్సలు వద్దు.

ప్రశ్నించినవారు (టెంపీ)

చాలా థాంక్స్ అండీ. ఫీజు బిల్లు తీసి చూశాను, ఆ వరస ఉంది. ఈ సీజన్‌లో ఒక్క గేముకే టైం దొరికితే ఏది చూడమంటారు?

చాండ్లర్ నుంచి

టూసాన్ వాళ్ళతో ఆడేది, టెరిటోరియల్ కప్. 1899 నాటి పోటీ. రెండు స్కూళ్ళూ ఒకే రోజు ఒకే కాన్ఫరెన్సుకి వెళ్ళాయి కాబట్టి అది చెక్కుచెదరలేదు. టూసాన్ 110 మైళ్ళు, నలుగురు కలిసి ఒక కారులో వెళ్ళి రావచ్చు. ఈ ఏడాది ఎక్కడ ఆడుతున్నారో షెడ్యూల్లో చూసుకుని, టెంపీలో అయితే క్లెయిమ్ తెరిచే రోజు పొద్దున్నే ఫోన్ చేతిలో పట్టుకో.