చెవి పైన కుట్టించుకున్న చోట బుడిపె లేచింది, స్టడ్ తీసేయాలా?

చెవి పైభాగంలో, మృదులాస్థి దగ్గర కుట్టించుకుని 7 వారాలైంది. మొదటి నెల ఏ గొడవా లేదు. పోయిన వారం నిద్రలో అటువైపే ఒత్తిగిలి పడుకున్నట్టున్నాను, పొద్దున లేచేసరికి స్టడ్ దిండు గలేబు దారానికి చిక్కుకుని ఉంది. అప్పటినుంచి వెనకవైపు ఆవగింజంత ఎర్రటి బుడిపె. చుట్టూ కాస్త పక్కు కడుతోంది. చీము లేదు, జ్వరం లేదు, ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంటోంది.

రోజుకు రెండుసార్లు 0.9 శాతం సెలైన్‌తో తుడుస్తున్నాను. మొదట్లో ఎవరో చెప్పారని స్పిరిట్ కూడా రాశాను (తెలివితక్కువ పనే), చర్మం ఎండి పొట్టు లేవడంతో మానేశాను. అక్కడ పూర్తిగా మానడానికి 6 నుంచి 12 నెలలు పడుతుందని తెలుసు.

ఇది ఒత్తిడికి వచ్చిన బుడిపేనా, కెలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే గట్టి మచ్చ) మొదలవుతోందా? పొడుగు స్టడ్ తీయించి పొట్టిది పెట్టించుకుంటే తగ్గుతుందా? మొత్తానికే తీసేస్తే రంధ్రం పూడిపోతుందని టెన్షన్. ఇలా అయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.