పాత లారీలో మిస్సింగ్, పైన టిక్‌టిక్ శబ్దం

ప్రశ్న: అన్నలూ, మాది ఆరు సిలిండర్ల పాత డీజిల్ లారీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి లోడుతో వస్తుంటే ఇంజన్ మిస్సవుతోంది, పైన టిక్‌టిక్ అంటోంది. షెడ్డులో మొత్తం విప్పాలంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే విప్పించకు తమ్ముడూ. పాత మెకానికల్ డీజిల్ పంపే కదా (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం, కామన్ రైల్ అయితే ఈ పని అస్సలు వద్దు), ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టు కొంచెం వదులు చేయించు, ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు, ఇంజన్ తీరు మారితే ఆ సిలిండర్ బాగున్నట్టే, ఏ మార్పూ లేకపోతే మిస్సింగ్ అక్కడే. చెయ్యి దూరం పెట్టాలి, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

ఇంకో జవాబు: నట్టు వదిలినప్పుడు టిక్‌టిక్ కూడా ఆగితే నాజిల్‌నే అనుమానించండి. ఆగకపోతే టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరి సందు) చూపించండి.

ప్రశ్న అడిగినతను: మూడో సిలిండర్ అన్నా! నట్టు వదలగానే శబ్దం ఆగింది. రేపే నాజిల్ టెస్టింగ్‌కు ఇస్తా.

జవాబు: నాజిల్ కింద రాగి వాషర్ కూడా కొత్తది వేయించు.