రక్షణ పొందిన విశ్వాసి ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు చేయాలా?

నర్సాపురం విశ్వాసి: సహోదరులకు వందనాలు. ప్రభువు బల్లకు (క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచరణకు) ముందు మా సంఘమంతా మోకరించి పాపపు ఒప్పుకోలు చదువుతుంది. ఒక్క అర్పణచేత క్రీస్తు మనలను సదాకాలమునకు సంపూర్ణులను చేశాడని హెబ్రీ పత్రిక 10:14 చెబుతుండగా, ఏనాడో బాప్తిస్మం పొందినవారు నేటికీ అదే ఒప్పుకోలు వల్లించడం సిలువ కార్యాన్ని చాలదనడం కాదా?

కృష్ణాతీరం: కాదు. "మనము పాపములేనివారమని చెప్పుకొనినయెడల" అని వ్రాసినప్పుడు యోహాను తనను కూడా కలుపుకున్నాడు. ప్రకటన 2:5లో మారుమనస్సు పొందుమన్న పిలుపు అన్యులకు కాదు, ఎంతో సహించి ప్రయాసపడిన ఎఫెసు సంఘానికే వచ్చింది. 1517లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతాలలో మొదటిది కూడా విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలన్నదే.

సాయంకాల ప్రార్థన: ఆమేన్.

నర్సాపురం విశ్వాసి: స్నానం చేసినవాడు పాదాలు తప్ప మరేమీ కడుక్కోనక్కరలేదని శిష్యుల పాదాలు కడుగుతూ యోహాను 13:10లో ప్రభువే చెప్పాడు. దీనికి జవాబివ్వండి.

కృష్ణాతీరం: పాదాలు కడుక్కోవాలని మీరు చూపిన వచనమే చెబుతోంది కదా!

నర్సాపురం విశ్వాసి: పాదాలు మాత్రమే అన్నాడు. మీ ఒప్పుకోలు మాత్రం మనిషిని ప్రతివారం నిలువునా ముంచుతోంది.

రేపల్లె సోదరి: మీరిద్దరూ పాదాల దగ్గరే ఆగిపోయారు. మా సంఘ పెద్ద ఒకరు మా అమ్మ చీటీ పాడిన డబ్బు అప్పుగా తీసుకుని తిరిగి ఇవ్వలేదు. ఉపవాస కూటంలో మాత్రం కన్నీళ్లతో పాపం ఒప్పుకుని, ఆ ఆదివారమే రొట్టె విరిచాడు. అమ్మ డబ్బు అడిగితే, ప్రభువు క్షమించినదాన్ని నువ్వు మనసులో పెట్టుకోవడం పాపమని ఆమెనే మందలించారు. సువార్తలోని సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు; మేము అసలు ఇస్తే చాలన్నాం.

నర్సాపురం విశ్వాసి: ఒప్పుకోలు ఆచారంగా మారితే జరిగేది ఇదే.

కృష్ణాతీరం: ఒకడు మోసగాడైతే ఒప్పుకోలు అబద్ధమైపోదు. సంఘంతోపాటు మోకరించడానికి మీకు మనసు రాక, ఆ తల్లి కన్నీళ్లను అడ్డుపెట్టుకుంటున్నారు.

నర్సాపురం విశ్వాసి: నాది గర్వమంటారా? పెద్దలకు చెప్పకుండా పెళ్లి చేసుకుందని మా చెల్లెలిని ఆరాధన మధ్యలో నిలబెట్టి, వారు వ్రాసిచ్చిన కాగితం చదివించి, ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ఆమె గొంతు పూడుకుపోతే, వెనక వరుసలకు వినబడలేదని మళ్లీ మొదటినుంచి చదివించారు. ఆ పెద్దల్లో ఒక్కరైనా ఏ తప్పుకైనా అలా నిలబడగా నేను చూడలేదు.

కృష్ణాతీరం: అది ఘోరం. అయినా ఒప్పుకోలు మొదట దేవునికే చెందుతుంది. "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానని దావీదు 51వ కీర్తనలో అన్నాడు.

రేపల్లె సోదరి: దావీదు ఊరియా భార్యను తీసుకుని, అతన్ని యుద్ధంలో చంపించాడు; ఊరియా చనిపోయాడు గనుక దావీదు అతనికి తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. మా అమ్మ బ్రతికే ఉంది. అర్పణను విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:24 చెబుతున్నప్పుడు, బల్ల దగ్గర ఆ పెద్దను డబ్బు సంగతి అడిగేవారేరి?

కృష్ణాతీరం: అడగాల్సింది కాపరి, అంటే సంఘ పాస్టరు. పొరుగువానికి అన్యాయం చేసినవాడు ఆ నష్టం తీర్చేవరకు, కనీసం తీరుస్తానని మాట ఇచ్చేవరకు, అతన్ని బల్లకు రానివ్వరాదని 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ) ప్రార్థనా గ్రంథం కాపరిని ఆదేశించింది. ఒప్పుకోలునే తీసేస్తే, ఆ పెద్దను నిలదీయడానికి మీకు ఏ ఆధారం మిగులుతుంది?

నర్సాపురం విశ్వాసి: మా చెల్లెలిని ఆరు నెలలు ఆపింది కూడా అలాంటి అధికారమే. తమ తప్పుకు తామే ముందు నిలబడే కాపరిని, పెద్దలను చూపించండి. ఆ రోజు వారి పక్కనే మోకరిస్తాను.